చేతి గడియారంతో చెల్లింపు: ముల్లు చూసేదెవరు?

భద్రాచలం: సంతలో తక్కెడ పట్టిన చేతిని నమ్మి నష్టపోయిన రోజులను ఏజెన్సీ పెద్దలు ఇంకా మరచిపోలేదు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు గంపకెత్తుకుని వచ్చి, ఉప్పుకూ బట్టకూ ఇచ్చి వెళ్లేవారు. ముల్లు ఎటు వంగిందో షావుకారు చెప్పిందే లెక్క. ఆ దోపిడీని అరికట్టేందుకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఇప్పుడు తక్కెడలాంటి మరో వస్తువు చేతికే వచ్చి కూర్చుంటోంది. మణికట్టున ఉన్న గడియారాన్ని దుకాణంలోని మిషనుకు దగ్గరగా చూపితే చాలు, ఖాతాలోని సొమ్ము షావుకారుకు చేరిపోతుంది.

ఇది కట్టుకథ కాదు. 2020లో టైటాన్ కంపెనీ, స్టేట్ బ్యాంకు కలిసి ఇలాంటి గడియారాలను విడుదల చేశాయి. వాటి బెల్టులోనే చిన్న చిప్పు అమర్చారు. 2023లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు, నాయిస్ కంపెనీ, మాస్టర్‌కార్డ్ కలిసి మరొకటి తెచ్చాయి. హైదరాబాదులో పనికి కుదిరిన కుర్రవాడు పండుగకు ఊరికి వస్తూ తండ్రి చేతికి ఒకటి తొడిగితే ఆశ్చర్యపడనక్కర లేదు. సెల్‌ఫోను కూడా మొదట అలాగే గదా వచ్చింది!

పని తీరు తెలుసుకుంటే భయం సగం పోతుంది. గడియారంలో డబ్బు ఉండదు. బ్యాంకు కార్డుకు మారుగా పనిచేసే ఒక గుర్తు మాత్రమే అందులో ఉంటుంది. మిషనుకు రెండు మూడు వేళ్ల ఎడంలోకి తెస్తేనే అది పలుకుతుంది. కాబట్టి దారిన పోయేవాడు దూరం నుంచి లాగేస్తాడన్న పుకారు నమ్మవలసిన పని లేదు. గడియారానికి సిగ్నలు అక్కర లేదు గాని, దుకాణదారు మిషనుకు మాత్రం కావాలి. ఫోనులో సిగ్నలు దొరకక గుట్ట ఎక్కి మాట్లాడే గూడేల వారికి ఆ ఇబ్బంది వేరుగా చెప్పనవసరం లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఫోనుతో దుకాణంలోని చుక్కల చీటీని ఫొటో తీసి డబ్బు కట్టేటప్పుడు, ఎక్కువ దుకాణాలలో ఎంత కట్టాలో అంకె కొట్టేది కొనేవాడే. ఆపైన తన పిన్ నంబరు కూడా తానే కొడతాడు. గడియారం దగ్గర ఈ వరుస తిరగబడుతుంది. అంకె కొట్టేది అమ్మేవాడు. కొనేవాడు చెయ్యి చూపడమే తరువాయి. 2021 జనవరి 1 నుంచి అయిదు వేల రూపాయల దాకా పిన్ లేకుండానే ఇలా తీసుకునేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించింది. అంతకు ముందు ఈ హద్దు రెండు వేలు. నూట ఎనభై రూపాయల సరుకుకు పద్దెనిమిది వందలు కొట్టినా, చూడకుండా చెయ్యి చూపిన వాడికి ఆ క్షణాన తెలియదు. పట్నంలో ఉద్యోగికి అది చికాకు. వేసవి ఎండలో తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి చేర్చిన మనిషికి ఆ తేడా ఎన్నో రోజుల కష్టం.

దుకాణదారులందరూ దొంగలని అనడం లేదు. తొందరలో ఒక సున్న ఎక్కువ పడడం ఎవరికైనా జరుగుతుంది. అయితే తూకం దగ్గర ముల్లు చూసినట్లే, చెయ్యి చూపే ముందు మిషను మీది అంకె చూసే అలవాటు కావాలి. అక్షరాలు రాని వారు కూడా నోటు మీది అంకెను, బస్సు నంబరును గుర్తుపడుతూనే ఉన్నారు. ఇదేమీ అసాధ్యం కాదు. నేర్పేవారు కావాలంతే.

గడియారాన్ని బ్యాంకు ఖాతాకు జోడించే పని ఇంకా నాజూకైనది. ఖాతా ఉండాలి, ఖాతాకు ఫోను నంబరు కలిసి ఉండాలి, ఫోనులో యాప్ పెట్టాలి, వచ్చిన ఓటీపీని కొట్టాలి, పిన్ పెట్టుకోవాలి. ఇప్పుడు గూడెంలో ఒక్క ఇల్లు చూడండి. ఖాతా తల్లిది, దానికి కలిపిన నంబరు కొడుకుది, ఆ కొడుకు హైదరాబాదులో. డబ్బు పోయినట్లు కబురు వచ్చినా ఆమె చేతికి రాదు. అతను చూసుకుని, తిరిగి ఫోను చేసి చెప్పేసరికి సంత ముగుస్తుంది. లేదా ఊళ్లో ఫోను తెలిసిన కుర్రవాడు సాయం చేస్తాడు. మంచి మనసుతోనే చేస్తాడనుకుందాం. కాని పిన్ అతనికీ తెలిసిపోతుంది. తరువాత తేడా వస్తే చుట్టరికం చెడుతుంది, పంచాయితీ మొదలవుతుంది. ఖాతాదారు తానే రహస్య నంబరు చెప్పి నష్టపోతే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన సొమ్ము అతని నెత్తినే పడుతుందని 2017 జూలైలో వెలువడిన రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెబుతోంది. ఆ ముక్క ఎంతమందికి తెలుసు?

కొత్త మిషను అంటే అడవి మనుషులకు అబ్బదని కొందరు పట్నవాసులు తేల్చేస్తారు. ఈ జిల్లా అనుభవం దానికి ఎదురు సాక్ష్యం. ఉపాధి హామీ కూలి, పింఛన్లు చెల్లించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టారు. 2010 నుంచి ఎనిమిది జిల్లాలలో వాటి ఫలితాన్ని పరిశోధకులు పరీక్షించారు. ఆనాటి ఉమ్మడి ఖమ్మం జిల్లా ఆ ఎనిమిదింటిలో ఒకటి. కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 157 మండలాలలో జరిపిన ఆ పరిశీలన 2016లో అచ్చయింది. కార్డులు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో కాజేసే సొమ్ము తగ్గింది. కార్డు వాడిన వారిలో పదింట తొమ్మిది మంది పాత పద్ధతి కన్నా ఇదే మేలన్నారు.

ఆ కార్డు నడవడానికి మిషను ఒక్కటే కారణం కాదు. మిషను పట్టుకుని ఊళ్లో కూర్చున్నది ఆ ఊరి ఆడపడుచే. పొదుపు సంఘంలో సభ్యురాలై, ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఆ ఊళ్లోనే కాపురం ఉండే మహిళను ఎంచుకోవాలని నియమం పెట్టారు. తేడా వస్తే ఆమె ఇంటికి వెళ్లి అడగవచ్చు. మరి గడియారం అట్టపెట్టెలో వస్తోంది. పెట్టెలో ఉండేది ఇంగ్లీషు కాగితం. అడగడానికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు.

కాబట్టి గడియారాలు అమ్మే కంపెనీలను, ఖాతాలు తెరిచే బ్యాంకులను అడగవలసింది ఒకటుంది. చర్ల, దుమ్ముగూడెం వంటి చోట్ల సంత జరిగే రోజున పొదుపు సంఘం మహిళనో, బ్యాంకు మిత్రనో ఒక బల్ల వేసి కూర్చోబెట్టాలి. ఖాతాదారు తన ఫోను మీద, తన వేలితో, తన పిన్ తానే పెట్టుకునేలా చూడాలి. కోయ మాటలో చెప్పగలిగిన వారైతే మరీ మంచిది. ఐటీడీఏ అధికారులు తలచుకుంటే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అంతవరకు గడియారం కొనవద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు గాని, కొన్నవారు రెండు జాగ్రత్తలు పడవచ్చు.

పిన్ లేని చెల్లింపును పూర్తిగా ఆపుకునే, లేదా దాని హద్దు తగ్గించుకునే వీలు ఖాతాదారుకు కల్పించాలని 2020లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయిదు వేలను అయిదు వందలకు దించుకుంటే చెయ్యి జారినా నష్టం అంతటితో ఆగుతుంది. యాప్ తెలియనివారు పాసు పుస్తకం తీసుకుని బ్యాంకులోనే అడగాలి, సిగ్గుపడనక్కర లేదు. ఇక గోదావరిలో స్నానానికి దిగేటప్పుడు గడియారం తీసి గట్టున పెట్టడం మనవారికి అలవాటు. బెల్టులో చిప్పు ఉన్న రకానికి తాళం వంటిది లేదు, ఎవరు తొడుక్కున్నా పలుకుతుంది. పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకు చెప్పి ఆ కార్డు ఆపించాలి. ఎవరైనా మోసంతో సొమ్ము లాగితే పోలీసుల 1930 నంబరుకు ఆలస్యం చేయకుండా ఫోను చేయాలి.

మిరప కోతలు మొదలైతే ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు గోదావరి తీరపు చేలకు వస్తారు. వారపు కూలి చేతిలో పడగానే సంతకు వెళ్తారు. సంతలో పెట్టవలసిన ఆ బల్ల కోతలకు ముందే పడితే వారికి కూడా ఉపయోగపడుతుంది.