తేదీ లేని చొక్కా

2025 ఉగాదికి ముందు మా మేనల్లుడు నన్ను బెంగళూరు చిక్‌పేట వెనక సందుల్లోకి లాక్కుపోయాడు. మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు కుర్రాళ్లు కలిసి ఆడే టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటుకి జెర్సీలు వేయించాలట. ఎనిమిది జట్లు, ఎనిమిది రంగుల జెర్సీలు. "పేర్లు తెలుగులో వేయిస్తున్నాం మామయ్యా, తప్పులు చూడ్డానికి నువ్వు రావాలి" అన్నాడు.

ఇరుకు మెట్లెక్కితే చిన్న గది. ఓ మూల కాగితం చుట్ట మీద ప్రింటరు అటూ ఇటూ తిరుగుతోంది. కాగితం మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి, రంగులు చూస్తే వెలిసిపోయిన గోడలా ఉన్నాయి. "ఇంత నీరసంగా ఉందేమిటయ్యా?" అంటే ఆపరేటరు నవ్వాడు. హిందూపురం కుర్రాడు. "ఉండండి సార్" అని తెల్ల పాలిస్టర్ ముక్క మీద ఆ కాగితం బోర్లా పరిచి, ప్రెస్ మూత దించాడు. వేడి దాదాపు రెండొందల డిగ్రీలు. కాసేపటికి మూత లేపితే, ఎరుపంటే ఎరుపు!

దీన్ని సబ్లిమేషన్ అంటారు. దేవుడి గూట్లో మూత తీసి మరిచిపోయిన కర్పూరం బిళ్ల ఏమవుతుంది? కరిగి నీరవకుండానే గాలిలో కలిసిపోతుంది. కాగితం మీది రంగూ అంతే. వేడికి నేరుగా ఆవిరై, పాలిస్టర్ పోగు లోపలికి దూరిపోతుంది. చల్లారాక అక్కడే చిక్కుకుంటుంది. స్క్రీన్ ప్రింటింగ్ రంగైతే గుడ్డ పైన పొరలా కూర్చుంటుంది, కొన్ని ఉతుకులకు బీటలు వారుతుంది. దీనికి ఆ బెడద లేదు. నూలు గుడ్డ దగ్గర మాత్రం ఈ విద్య పారదు.

తప్పులు చూడ్డానికి వెళ్లినవాణ్ణి, తప్పు నా కళ్ల ముందే జరిగింది. కంప్యూటరులో నేను చూసినప్పుడు 'కృష్ణా' అనే జట్టు పేరు బాగానే ఉంది. ఆ ఫైలు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేసరికి కింద ఉండాల్సిన ణ వత్తు పైకొచ్చి, ష పక్కన బాసింపట్టు వేసుకు కూర్చుంది. పదిహేను జెర్సీల మీద 'కృష్‌ణా' అని పడ్డాకగానీ ఎవరూ గమనించలేదు. మార్చొచ్చా అని అడిగితే, "ప్రెస్ పడ్డాక దేవుడొచ్చినా మార్చలేం సార్" అన్నాడు ఆపరేటరు.

అంతలో వాన పడి టోర్నమెంటు వారం వాయిదా పడింది. గ్రౌండు గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద పాత తేదీ. ఇంకో ఫ్లెక్సీ వేయించారు. పాతది కొబ్బరి బోండాల బండికి పైకప్పయింది. ఇప్పటికీ ఆ దారిన వెళితే మా మేనల్లుడి ఫొటో బోర్లా వేలాడుతూ పలకరిస్తుంది.

జెర్సీకీ ఫ్లెక్సీకీ చుట్టరికం ఉంది. ఫ్లెక్సీని చింపి చూడండి, రెండు పీవీసీ పొరల మధ్య వలలాంటి అల్లిక కనిపిస్తుంది. అదీ పాలిస్టరే. జెర్సీ మీద రంగు చావదు. ఫ్లెక్సీ మీద రంగు ఎండకు పోతుంది గానీ, పట్టా చావదు. ఇలా చావు లేని రెండు వస్తువుల మీద మనం వేస్తున్నదేమిటి? తెల్లారితే చచ్చిపోయే తేదీ!

నిషేధాలు లేక కాదు. కర్ణాటక ప్రభుత్వం 2016లోనే ఫ్లెక్సీలను నిషేధించింది. 2018 ఆగస్టులో హైకోర్టు కన్నెర్ర చేస్తే అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ ఊరంతా తిరిగి పీకించింది. ఆంధ్రలో 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ నిషేధం ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు, 2020 సెప్టెంబరు 1 రాత్రి, కుప్పం దగ్గర శాంతిపురం మండలంలో అభిమాన హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు కరెంటు తగిలి చనిపోయారు. అయినా కూడళ్లు ఖాళీగా లేవు. సాయంత్రం ఫొటో పంపితే పొద్దుటికల్లా నిలువెత్తు మనిషిని చేతికిచ్చే యంత్రం వీధికొకటి ఉన్నప్పుడు ఎవరాగుతారు?

కుంచెతో గుడ్డ బ్యానర్లు రాసే రోజుల్లో అక్షరానికి విలువుండేది. ఇక సినిమావాళ్ల తెలివి చూడండి. వాల్‌పోస్టర్ మీద హీరో, హీరోయిన్, సినిమా పేరు ఉంటాయి. ఏ ఊళ్లో ఏ థియేటరో చెప్పేది కింద అంటించే స్లిప్పు. ఊరు మారితే స్లిప్పు మారుతుంది, పోస్టరు మారదు. మారేదాన్ని చవక కాగితం మీద, మారనిదాన్ని మంచి అచ్చులో వేయాలన్న ఆ చిన్న లెక్కను, అచ్చు ఇంత సులువయ్యాక మనం మరిచిపోయాం.

బెంగళూరు ఐపీఎల్ జట్టు ఆర్‌సీబీనే తీసుకోండి. 2011 నుంచి దాదాపు ప్రతి సీజన్‌లో పర్యావరణం పేరిట ఒక మ్యాచ్ ఆకుపచ్చ జెర్సీతో ఆడుతోంది. ఒక్క మ్యాచ్‌కి ఒక జెర్సీ! ఆ సందేశం కంటే నాకు అభిమానుల నినాదమే ఎక్కువ పర్యావరణహితంగా కనిపిస్తుంది. 'ఈ సల కప్ నమ్దే'. ఈసారి కప్పు మనదే. ఏసారి? అది చెప్పలేదు. 2009, 2011, 2016 ఫైనల్స్‌లో ఓడిన జట్టు అభిమానికి ఇంతకంటే పొదుపైన మాట దొరకదు. ఓడిన ఏడాది చొక్కా మడిచి దాచుకుని, వచ్చే ఏడాది అంతే నమ్మకంతో తొడుక్కోవచ్చు. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో కప్పు నిజంగానే వచ్చినప్పుడు ఆ పాత చొక్కాలన్నీ ఒక్కసారిగా కొత్తవైపోయాయి.

నేను కోరేది చొక్కాలు మానేయమని కాదు, సంవత్సరం వేయకండని. జెర్సీ మీద జట్టు పేరు, నంబరు చాలు. బ్యానరు గుడ్డది కుట్టించి, తేదీ దగ్గర ఖాళీ వదిలి స్లిప్పు అంటించండి. '2025' అని ఉన్న జెర్సీని 2026లో ఏ కుర్రాడూ వేసుకోడు. మసిగుడ్డగానైనా పనికొస్తుందా అంటే, నూలు బనియనులా నీళ్లు పీల్చదు. మా అక్కయ్య దాంతో బండి తుడవబోయి, తడిని ఇటునుంచి అటు నెట్టి విసిరికొట్టింది.

ఈ ముక్క ఆపరేటరు కుర్రాడితో అంటే ఓపిగ్గా విన్నాడు. "సంవత్సరం వేయకపోతే వచ్చే ఏడాది మా కొట్టుకి ఎవరొస్తారు సార్?" అన్నాడు. నిజాయితీగల ప్రశ్న. ఈ వ్యాపారం గుట్టంతా అందులోనే ఉంది. నా దగ్గర సగం జవాబే ఉంది. స్లిప్పులు కూడా ఎవరో ఒకరు అచ్చు వేయాలి కదా, అవి నువ్వే వెయ్యి అన్నాను. మిగతా సగం మా మేనల్లుడు చెప్పాడు. "మేమొస్తాం బ్రో. ముందు మా ణ వత్తు కిందికి దించు."