బోన్సాయ్ మొక్క: కత్తెర పట్టుకొనే ముందు



మన యిండ్లకు ఇప్పుడు పెరడు లేదు. డాబామీద నాలుగు కుండీలకు చోటుంటే అదే గొప్ప. అందుచేత కొందరు ముచ్చటపడి బోన్సాయ్ మొక్క తెచ్చుకొంటున్నారు. కొద్ది నెలలకే అది ఆకులు రాల్చి ఎండిపోతే "మా చేతి గుణము మంచిది కాదు" అని బాధపడుచున్నారు. చాలాసార్లు కారణము చేతి గుణము కాదు, తొందర.

బోన్సాయ్ అనగా జపాను భాషలో పళ్లెములో నాటిన మొక్క అని అర్థము. అది పుట్టుకతో మరుగుజ్జు కాదు. పెద్ద చెట్టు కాగల మొక్కనే చిన్న తొట్టిలో వుంచి, కొమ్మలు వేర్లు కత్తిరించుచు చిన్నదిగా నిలుపుదురు.

క్రొత్తవారికి మర్రి, రావి కోవకు చెందిన జువ్వి మంచిది. నర్సరీలో ఫైకస్ అని అడగండి. మన వేడికి తట్టుకొనును, కత్తిరించినచోట త్వరగా చిగురించును. దానిని హాలులో బల్లమీద కాక, వెలుతురు బాగా తగిలేచోట వుంచవలెను. ఏప్రిల్, మే ఎండలలో కత్తెర వద్దు. తొలకరి పడిన తరువాత జూన్, జూలై నెలలు అనుకూలము.

ముందుగా తొట్టిని కంటి ఎత్తున పెట్టి నాలుగు ప్రక్కల చూడండి. మొదలు, వేర్లు అందముగా కనబడే వైపే చెట్టుకు ముఖము. ఆ తరువాత ఎండు కొమ్మలు తీసివేయండి. ఒకే ఎత్తున ఎదురెదురుగా వున్న రెంటిలో ఒకటి, నిట్టనిలువుగా లేచినది, ఒకదానినొకటి రాచుకొనేవి తీయదగినవి. సందేహము కలిగిన కొమ్మను గుడ్డతో కప్పి, అది లేకుండ చెట్టు ఎట్లుండునో చూడండి. కోసిన కొమ్మను తిరిగి అతికించలేము గదా! ఒక్కసారికి మూడవ వంతుకు మించి ఆకులు పోనీయవద్దు.

లేత రెమ్మకు ఆరు, ఎనిమిది ఆకులు వచ్చినప్పుడు రెండు ఆకులు వుంచి పైది కత్తిరించవలెను. చివర మిగిలిన ఆకు ఏ వైపు చూచునో క్రొత్త రెమ్మ ఆ వైపే సాగును. గనుక వెలుపలి వైపు చూచే ఆకుకు కొంచెము పైన కోయండి. కారే పాలను తడిగుడ్డతో అద్ది, చేతులు కడుగుకొనండి. అవి కంటికి, చర్మమునకు మంచివి కావు. చెట్టు పైభాగము బలముగా పెరుగును గనుక పైన ఎక్కువగా, క్రింద తక్కువగా కత్తిరించవలెను. లావు కావలసిన కొమ్మను కొంతకాలము ముట్టకుండ పెరగనీయండి.

కొమ్మను వంచుటకు అల్యూమినియం తీగ చాలును. దాని మందము కొమ్మ లావులో మూడవ వంతుండవలెను. 45 డిగ్రీల ఏటవాలుగా చుట్టి, మెల్లగా వంచవలెను. వానాకాలములో కొమ్మ త్వరగా లావగును. వారమునకొకసారి చూచి, తీగ బెరడులోనికి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీయండి. త్రిప్పి విప్పబోతే కొమ్మ విరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. కొమ్మలు కత్తిరించుట, తీగ చుట్టుట, వేర్లు కోసి తొట్టి మార్చుట ఒకే దినమున చేయవద్దు. ఆకులు ఆహారము సిద్ధపరచును, వేర్లు నీరు తెచ్చును. రెంటినీ ఒకేసారి తగ్గిస్తే మొక్క దేనితో కోలుకొనును? ఒక పని చేయండి. క్రొత్త చిగురు బాగుగా వచ్చిన తరువాతనే రెండవది.

అమెరికాలోని వాషింగ్టన్‌లో, జాతీయ వృక్షవనములో, 1625 నుండి పెంచబడుచున్న ఒక జపాను పైన్ బోన్సాయ్ వున్నది. యమాకి కుటుంబము దానిని తరతరములుగా కాపాడినది. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు అది ఆ ఊరిలోనే, గోడ చాటున వుండి బ్రతికినది. 1976లో ఆ కుటుంబము దానిని కానుకగా ఇచ్చినది. ఆ చెట్టు రూపము ఏ ఒక్కరి జీవితకాలములోనూ ముగిసిన పని కాదు. మన మొక్కకు ఈ ఏడు ఒక్క కొమ్మ చక్కగా కుదిరినా చాలును.

వేర్లు కత్తిరించి తొట్టి మార్చే విధానమును వచ్చే సంచికలో చూచెదము. అంతవరకు కత్తెర ప్రక్కన పెట్టి, పిల్లలతో కూడ చిగుళ్లు లెక్కించండి.