అమ్మకం వేరు, వారసుల పేరు వేరు

గత రంజాన్ మాసానికి కొద్దిరోజుల ముందు, మరహూమ్ అయిన ఒక దర్జీ సోదరుని కుమార్తెలిద్దరు సంచి నిండా కాగితాలతో మా వద్దకు వచ్చారు. మున్సిపల్ పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, 1998లో ఒక దర్గా ముతవల్లీ రాసిచ్చిన 99 ఏళ్ల కౌలు పత్రం అందులో ఉన్నాయి. ఆ స్థలంలో తండ్రి కట్టిన రెండు గదుల ఇంటిని అన్నగారు నోటరీ కాగితంపై మరొకరికి అమ్మివేశాడు. కొన్నవారూ మనవారే. రిజిస్ట్రేషన్‌కు వెళితే, స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదని తిప్పి పంపారు. సొమ్ము అప్పటికే ఖర్చయింది. ఆడబిడ్డలకు వాటా రాలేదు. వృద్ధురాలైన తల్లి, ఎవరు ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియక, ఆ ఇంటిలోనే ఉన్నది.

గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన మాకు, ఆ సంచిలో ఏమి లేదో గుర్తించడానికి ఎక్కువసేపు పట్టలేదు. వక్ఫ్ బోర్డు అనుమతి లేదు. 1995 నాటి వక్ఫ్ చట్టం 56వ సెక్షను ప్రకారం అప్పట్లో మూడేళ్లకు మించిన లీజు చెల్లదు. 2013 సవరణ ఆ గడువును 30 ఏళ్లకు పెంచినా, అది వాణిజ్యం, విద్య, వైద్యం వంటి అవసరాలకు, ప్రభుత్వ అనుమతితో మాత్రమే. అనగా 99 ఏళ్లన్న మాటకు రాసిననాడే విలువ లేదు. పైగా లీజు ముగిసిన కిరాయిదారును కూడా అదే సవరణ ఆక్రమణదారుగా నిర్వచించింది. బోర్డు అనుమతి లేకుండా వక్ఫ్ ఆస్తిని అమ్మినవారికే కాదు, కొన్నవారికీ రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. ఈ మాట విన్నప్పుడు కొన్న సోదరుని ముఖం చూడలేకపోయాము.

వక్ఫ్ భూమిని అమ్మరాదన్న విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని వక్ఫ్ చేసిననాడే అమ్మకానికి, దానానికి, వారసత్వపు పంపకానికి తలుపు మూసివేశారు. ఆ కౌలు పత్రం పుట్టిన 1998లోనే, ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డుకు సంబంధించిన కేసులో, పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ స్వభావం మాసిపోదని సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే అమ్మకం వేరు, చనిపోయిన కిరాయిదారు స్థానంలో కుటుంబం పేరు రాయడం వేరు. కార్యాలయాలలో రెండింటికీ ఒకే జవాబు వస్తున్నది: కుదరదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కిరాయిదారు మరణంతో ఇజారా ముగుస్తుంది. షాఫయీలు మిగిలిన గడువు వారసులకు దక్కుతుందంటారు. ఏ మతం అనుసరించినా, నిజాయితీగా కిరాయి కట్టేందుకు సిద్ధపడిన వితంతువుతో కొత్త ఒప్పందం గురించి మాట్లాడడానికి అడ్డేమున్నది? ఆ దారి మూసినందువల్లనే పేదవాడు నోటరీ వద్దకు నడుస్తున్నాడు. దానితో వక్ఫ్ స్థలం చేతులు మారుతున్నది, బోర్డుకు కిరాయి రాదు, ఆడబిడ్డ హక్కు కాగితంలోనే కనబడదు.

ఇక్కడ మరొక మాట. నామమాత్రపు కిరాయికి వక్ఫ్ దుకాణాన్ని పట్టి, పగిడీ పుచ్చుకుని, పదింతల కిరాయికి వేరొకరికి ఇచ్చుకునే పెద్దమనుషులు కూడా ఈ వితంతువును చూపించి కనికరం అడుగుతున్నారు. వారి కొరకు మేము ఈ మాటలు రాయడం లేదు.

మేము కోరేది స్వల్పం. ప్రతి వక్ఫ్ నివాస స్థలానికీ కిరాయిదారుల రిజిస్టరు ఉండాలి. మరణవార్త అందిన తరువాత నిర్ణీత గడువులోగా వారసులందరినీ, ముఖ్యంగా భార్యను, కుమార్తెలను పిలిచి విచారించాలి. చట్టం అనుమతించిన మేరకు న్యాయమైన కిరాయితో వారందరి పేర్లమీద కొత్త లీజు రాయాలి. కుదరని పక్షంలో కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పుడైనా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. జమాఅతు పెద్దలు కూడా నోటరీ కాగితాలపై సాక్షి సంతకాలు చేయడం మానుకోవాలి. ఈ కాగితంపైనా అటువంటి రెండు సంతకాలున్నాయి; ఇద్దరూ మొదటి సఫ్‌లో నిలబడేవారే.

అక్కచెల్లెళ్ల దరఖాస్తును మేమే రాసి, తల్లి వేలిముద్ర వేయించి, బోర్డు కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకున్నాము. అన్నగారు కొన్నవారికి వాయిదాలలో సొమ్ము తిరిగి ఇస్తానని మసీదులో ఒప్పుకున్నాడు. రెండు వాయిదాలు కట్టాడు. దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు.