వానలో విహారము: కొన్ని ఆలోచనలు

సెలవులలో ఏ ఊరికి పోవలెనని మిత్రులు నలుగురు కూడి ఆలోచించినప్పుడు మొదట వినవచ్చే మాట ఒకటున్నది: "వానలు తగ్గనీ, చూద్దాం." విహారయాత్ర అనగానే మనవారికి కార్తీక మాసమో, సంక్రాంతి సెలవులో స్ఫురిస్తాయి. వానాకాలంలో ప్రయాణం వృథా వ్యయమనీ, అందులోనూ సముద్రతీరానికి పోవటం అవివేకమనీ సామాన్యాభిప్రాయం. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. వాన విహారాన్ని చెడగొట్టదు. విహారమంటే ఏమిటో అదే మనకు తెలియజెప్పుతుంది. ఎండలో మనం ప్రదేశాలను చూస్తాము. వానలో మనుషులను చూస్తాము.

ఇది ఊహించి వ్రాస్తున్న మాట కాదు. ఒక వర్షాకాలంలో హైదరాబాదు నుండి నలుగురు మిత్రులు విశాఖపట్నంలో మా ఇంట నాలుగు దినాలు అతిథులుగా ఉన్నారు. భీమునిపట్నం, ఋషికొండ, తొట్లకొండ, అరకులోయ అని వారు వెంట తెచ్చుకొన్న పట్టిక పొడుగైనది. రెండవనాటికే బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినది. ఓడరేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు. పట్టికలోని ఊర్లన్నీ పట్టికలోనే ఉండిపోయినవి. అయినను ఆ నాలుగు దినాలు వ్యర్థమైనవని వారిలో ఒక్కరును అనలేదు.

వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా చూడదగినవి విశాఖలో లేకపోలేదు. ఓడరేవు దాపున మూడు కొండలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై క్రైస్తవ దేవాలయం, ఒకదానిపై దర్గా. మబ్బు క్రిందికి దిగి మూడింటినీ ఒకే తెల్లని దుప్పటితో కప్పిన దృశ్యం ఎండకాలంలో వచ్చినవారికి లభించదు. రామకృష్ణా బీచిలో 'కుర్సురా' జలాంతర్గామి ఉండనే ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుండి విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా తీరంపై నిలిచిన ఈ నౌకలో ఒక గంట గడిపితే, ఆ ఇరుకు గదులలో నెలల తరబడి జీవించిన నావికుల ఓర్పు ఎటువంటిదో తెలుస్తుంది. తక్కిన కాలమంతా సంభాషణలోనే గడిచినది. తారీఖు, జిల్లా, దుకాణం, వకీలు, జవాబు అని మనం నిత్యం పలికే తెలుగులో ఉర్దూ ద్వారా వచ్చిన మాటలెన్ని ఉన్నవో లెక్కపెట్టుటకు ఒక సాయంకాలం చాలలేదు. రెండు భాషల నీడలో చదువుకొను విద్యార్థులకు ఇంతకుమించిన పాఠం ఏ తరగతిలో దొరకగలదు?

ఇక భోజనం సంగతి. తీరానికి వచ్చిన అతిథి మొదట కోరేది చేపల కూర. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేట నిషేధం. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందుటకు ఏర్పరచిన విరామమది. ఆ తరువాత పడవలు కడలి మీదికి పోయే కాలమే వానాకాలం. కాని ప్రమాద సూచిక ఎగిరిన దినాన పడవ కదలదు. వంజరం లేదు, చందువా లేదు. అప్పుడు తీరవాసుల వంటింటిలో ఆదుకొనేది ఎండలో ఆరబెట్టి దాచిన సరుకు. మా ఇంట ఎండు రొయ్యలు గోంగూరతో వండినారు, ఎండు నెత్తళ్లు వేయించినారు. మిత్రులు ఊరకుండక తామే వంటింటిలోనికి వచ్చి, హైదరాబాదులో వానపడిన నాడు చేసుకొనే ఖిచిడీ, ఖీమా, చింతపండు ఖట్టా సిద్ధం చేశారు. ఖిచిడీ ప్రక్కన నెత్తళ్ల వేపుడు ఎంత చక్కగా అమరినదో తిన్నవారికే తెలియవలెను! చివరకు మాడుగుల హల్వాతో విందు ముగిసినది. అతిథి మర్యాద అన్నా, మెహమాన్ నవాజీ అన్నా, ఖరీదైన వంటకం పెట్టుట మాత్రమే కాదు. ఉన్నదానిని కలిసి వండుకొని కలిసి తినుటలో అంతకు రెట్టింపు మర్యాద ఉన్నది. మరొక మాట. చేప దొరకలేదని అతిథి విచారించే దినాన జాలరి ఇంట కూలి లేదు. మన విందు వెనుక ఎవరి సాహసమున్నదో, ఎవరి పస్తు ఉన్నదో గుర్తుంచుకొనుట తినేవాని ధర్మం.

మిత్రులలో ఒకరు గోల్ఫు ఆడేవారు. మూడవనాటి ఉదయం వాన వెలిసినప్పుడు ఆయనతో కలిసి ముడసర్లోవ ప్రాంతంలోని గోల్ఫు మైదానానికి వెళ్లాము. మాలో తక్కినవారెవ్వరూ ఆ ఆట ఎరుగరు. గోల్ఫు అనగానే ధనవంతుల కాలక్షేపమని పెదవి విరుచుట మనలో పరిపాటి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే 108 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గుంటలోనికి బంతిని చేర్చే ఈ ఆటలో విద్యార్థులు గ్రహించవలసిన సూత్రాలు కొన్ని కలవు.

మొదటిది సత్యసంధత. చాలా పోటీలలో ప్రతి ఆటగాని వెంట తీర్పరి ఉండడు. తాను కొట్టిన దెబ్బలకు ఆటగాడే బాధ్యుడు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే ప్రసిద్ధ ఆటగాడు, గడ్డిలోని బంతి తన వలన రవంత కదిలినదని, ఎవ్వరూ చూడకపోయినను, తనపై తానే ఒక దెబ్బ శిక్ష వేసుకొన్నాడు. ఆ పోటీ సమానమై, నిర్ణాయక ఆటలో ఆయన ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయినాడు. పరీక్షా మందిరంలో పర్యవేక్షకుడు అటు తిరిగిన క్షణంలో ఈ కథ మన విద్యార్థులకు జ్ఞాపకం రావలెను.

రెండవది వానకు సంబంధించినది. వాననీరు నిలిచిన చోట బంతి పడితే శిక్ష లేకుండ దానిని తీసి పొడినేలపై ఉంచి ఆడవచ్చును. మెరుపుల ప్రమాదమున్నదని తోస్తే ఆట ఆపవచ్చును. తన తప్పు లేని కష్టానికి మనిషిని శిక్షించరాదనుటయే ఇందులోని నీతి.

మూడవది 'హ్యాండీక్యాప్'. నైపుణ్యం తక్కువగల ఆటగానికి కొన్ని దెబ్బలు ముందుగానే మినహాయించి, ప్రవీణునితో సమానంగా పోటీ పడనిచ్చే ఏర్పాటిది. 2020 నుండి ప్రపంచమంతటా ఒకే పద్ధతి అమలులోకి వచ్చినది. అందులో మినహాయింపు 54 వరకు ఉండవచ్చును. దీనిని భిక్షమని గోల్ఫు మైదానంలో ఎవ్వరూ అనరు, పుచ్చుకొన్నవాడు తలవంచుకొనడు. అట్లయితే, మొదటి తరంలో చదువుకు వచ్చిన విద్యార్థికి ఉపకార వేతనమో, ఫీజు రాయితీయో ఇచ్చినప్పుడు మాత్రం అది ఎవరి దయాధర్మమో అన్నట్లు మాట్లాడుట న్యాయమా? ధనవంతుల ఆటలో సహజమైన సూత్రం పేదల చదువులో ఎందుకు వింతగా తోచవలెను?

మైదానంలో మమ్ము ఎక్కువగా ఆకర్షించినది ఆటగాండ్రు కాదు, వారి వెంట సంచులు మోసే యువకులు. కాడీలని వారిని పిలుస్తారు. బంతి ఎక్కడ పడినదో, గాలి ఎటు వీస్తున్నదో, తడినేలపై బంతి ఎంత దూరం దొర్లునో వారికి కరతలామలకం. కర్ర మాత్రం వారి చేతిలో ఉండదు. ఢిల్లీలో ఇట్లే సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, 1993లో మరల గెలిచినాడు. 1829లో స్థాపితమైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డిని సంరక్షించే ఉద్యోగి కుమారుడు చౌరాసియా 2016, 2017 సంవత్సరాలలో వరుసగా అదే పోటీలో విజేత అయినాడు. ప్రతిభ కులమతాలను, ధనాన్ని అడిగి పుట్టదు. తలుపు తెరిచి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. గోల్ఫు మైదానాలు విశాలమైన భూమిని, విస్తారమైన నీటిని వాడుకొంటున్నవనే విమర్శ నిరాధారం కాదు. అంత భూమిని, అంత నీటిని వాడుకొనే సంస్థ, వారంలో ఒక పూట అయినను చుట్టుప్రక్కల బీద బాలురకు, బాలికలకు ఆట నేర్పుట కనీస ధర్మమని మేము భావిస్తున్నాము.

వానాకాల విహారాన్ని ఇంతగా సమర్థించిన మేము ఒక హెచ్చరిక చేయకుండ ఉండరాదు. సముద్రం చూచుటకే కాని, ఆ దినాలలో దిగుటకు కాదు. విశాఖ తీరంలో అలలు వెనుకకు లాగే బలం అనుభవజ్ఞులైన ఈతగాండ్రకు సైతం లొంగదు. స్నేహితుల ఎదుట ధైర్యం చూపబోయి ప్రాణాలు కోల్పోయిన విద్యార్థుల వార్తలు పత్రికలలో మనం చదువుతూనే ఉన్నాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఏ స్థితికి తెచ్చినదో చూచినవారు సముద్రంతో పరిహాసమాడరు.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. ఏటేటా జరిగే విజ్ఞానయాత్రలో విద్యార్థులు బస్సు దిగి, ఫోటో తీసుకొని, బస్సెక్కి వచ్చుట పరిపాటి అయినది. ఖర్చు భరించలేని విద్యార్థులు ఆ మాత్రానికైనను నోచుకొనక ఇంటనే ఉండిపోతున్నారు. దీనికి బదులుగా, తీరప్రాంతపు కళాశాల ఒకదానితో ఒడంబడిక చేసుకొని, వారి విద్యార్థుల ఇండ్లలో మనవారు, మన ఇండ్లలో వారు రెండు మూడు దినాలు అతిథులుగా ఉండే ఏర్పాటు చేయవలెను. హోటలు ఖర్చు తప్పుతుంది. మిగిలిన సొమ్ముతో బీద విద్యార్థుల ప్రయాణపు ఖర్చు భరించవచ్చును. విద్యార్థినులకు తగిన కుటుంబాలలో, అధ్యాపికల పర్యవేక్షణలో బస కల్పించుట కష్టమేమీ కాదు. వాన వచ్చినను యాత్ర ఆగదు, ఏలయనగా చూడవలసినవి ఇంటిలోనే ఉంటాయి: మరొకరి వంట, మరొకరి మాట, మరొకరి ప్రార్థన, మరొకరి కష్టం.

విద్యార్థి సోదర సోదరీమణులారా! రేపు మీ ఇంటికి దూరదేశపు మిత్రుడు వచ్చిన దినాన ఆకాశం మబ్బు పట్టితే చిన్నబుచ్చుకొనకండి. బియ్యం, పప్పు కడిగి పొయ్యి మీద పెట్టండి. ప్రక్కింటివారిని సైతం పిలవండి.