కాంపాక్ట్ కెమెరానా, పాత డీఎస్ఎల్ఆరా? సెన్సర్ కాదు, ముందు లెన్స్ చూడండి

పోయిన నెల మా పిన్ని కూతురు వాట్సాప్‌లో రెండు లింకులు పంపింది. ఒకటి చిన్న గులాబీ రంగు డిజిటల్ కెమెరా, 14 వేలు. ఇంకోటి సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 18-55 కిట్ లెన్స్‌తో, 26 వేలు. బ్యాగు, ట్రైపాడ్ ఫ్రీ. కింద ఒకే లైను: "అన్నయ్యా, ఏది కొనను? ఇంటర్న్‌షిప్ డబ్బులు. 30 వేలు దాటకూడదు."

రెండూ వద్దన్నాను. తను వెంటనే ఫోన్ చేసి "మరి నువ్వు కొన్నది అదేగా!" అంది. నిజమే. నేను కొన్నది అదే, అందుకే వద్దన్నాను. ఎందుకో తనకి గంటసేపు చెప్పాను. ఇదే డౌట్ చాలామందికి ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నికాన్ డీ5300 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2013 మోడల్, 24 మెగాపిక్సెల్. పెద్ద సెన్సర్ కాబట్టి ఇక ఫోన్‌తో పనేముందిలే అనుకున్నా. ఆ సంక్రాంతికి ఊరెళ్లాను. రాత్రి భోజనాలయ్యాక తాతయ్య అరుగు మీద కూర్చుని ఏదో పాత కథ చెబుతూ నవ్వుతున్నారు. పైన ఒకే ట్యూబ్ లైటు. కిట్ లెన్స్‌తో 35ఎంఎం దగ్గర తీశాను. ఆ దగ్గర దాని అపర్చర్ ఎఫ్/4.5 కన్నా తెరుచుకోదు. ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టర్ 1/15 సెకను మీదే ఉంది. గోడ షార్ప్‌గా వచ్చింది, స్తంభం షార్ప్‌గా వచ్చింది, తాతయ్య మొహం మాత్రం అలుక్కుపోయింది.

లెన్స్‌లో వీఆర్ ఉందిగా, ఎందుకిలా వచ్చింది అనుకున్నా. వీఆర్ ఆపేది మన చేతి వణుకుని. ఎదుటి మనిషి కదిలితే అదేం చేయలేదు. ఇంత చిన్న విషయం తెలియకుండానే మెగాపిక్సెల్స్ లెక్కపెట్టి కెమెరా కొనేశాను. తప్పు కెమెరాది కాదు, నాది.

తర్వాతి సంక్రాంతికి అదే బాడీ పట్టుకెళ్లాను. ఈసారి సెకండ్ హ్యాండ్‌లో 8 వేలకి కొన్న 35ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికి పెట్టాను. అదే అరుగు, అదే ట్యూబ్ లైటు, అదే ఐఎస్ఓ 3200. షట్టర్ 1/80కి వచ్చింది. తాతయ్య కంటి చివర ముడతలు కూడా కనిపించాయి.

పోయిన ఏడాది తాతయ్య పోయారు. పెద్దకర్మకి ఫొటో ఫ్రేమ్ కట్టించాలని ఇంట్లో అందరం ఫోన్లు వెతికాం. ఒకదాంట్లో సగం మొహమే ఉంది, ఇంకోదాంట్లో ఆయన వెనకెక్కడో చిన్నగా ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చినవైతే పెద్దవి చేయగానే పగిలిపోయాయి. స్టూడియో అతను 12 బై 18 సైజులో ప్రింట్ తీయగలిగింది ఆ అరుగు ఫొటో ఒక్కటే. ఇప్పుడు హాల్లో ఉన్నది అదే. మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ బాడీ మారలేదు, లెన్స్ మారిందంతే.

లెక్క ఏం చెబుతోంది?

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "డీఎస్ఎల్ఆర్ సెన్సర్ పెద్దది, కాబట్టి బెటర్" అని ఉంటుంది. సగం నిజం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకవైపు 2014లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3. అందులో 1 ఇంచ్ సెన్సర్ ఉంటుంది, అంటే 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. ఇంకోవైపు నా డీ5300, 23.5 బై 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యం చూస్తే డీఎస్ఎల్ఆర్ సెన్సర్ సుమారు 3 రెట్లు పెద్దది.

ఇప్పుడు లెన్స్ కలుపుదాం. మనుషుల్ని తీయడానికి వాడే 50ఎంఎం ఫ్రేమింగ్ దగ్గర సోనీ లెన్స్ ఎఫ్/2.8. నికాన్ కిట్ లెన్స్ ఎఫ్/4.5. ఎఫ్/4.5 కన్నా ఎఫ్/2.8 రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది. అంటే సెన్సర్‌తో వచ్చిన 3 రెట్ల లాభంలో చాలా భాగం లెన్స్ దగ్గరే పోయింది. చివరికి రెండూ పట్టే మొత్తం వెలుతురులో తేడా పాతిక శాతం లోపే. జేబులో పట్టే 290 గ్రాముల కెమెరాకీ, మెడకి వేలాడే పెద్ద కెమెరాకీ రాత్రిపూట తేడా ఇంతే!

అదే బాడీకి 35ఎంఎం ఎఫ్/1.8 పెట్టండి. నికాన్ క్రాప్ ఫ్యాక్టర్ 1.5 కాబట్టి ఫ్రేమింగ్ అదే 50ఎంఎం దగ్గరకి వస్తుంది. కానీ ఇప్పుడు కాంపాక్ట్ కన్నా ఏడున్నర రెట్ల వెలుతురు. రాత్రి ఇంట్లో, ఫంక్షన్ హాల్లో, స్టేజ్ ముందు మీకు కనిపించే తేడా ఇదే.

కాబట్టి నా మాట ఇది: కిట్ లెన్స్‌తో పాత డీఎస్ఎల్ఆర్ కొని అక్కడే ఆగిపోయేటట్టయితే, బరువైన కాంపాక్ట్ కొన్నట్టే. అదే ప్రైమ్ లెన్స్‌తో కొంటే, ఆ డబ్బుకి దానికి పోటీ వచ్చేవి చాలా తక్కువ.

గులాబీ కెమెరా ఎందుకు వద్దన్నానంటే

ఆ 14 వేల కెమెరాలో ఉన్నది 1/2.3 ఇంచ్ సెన్సర్. వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు 20 వేల లోపు ఫోన్లలో కూడా మెయిన్ కెమెరాకి ఇంతకన్నా పెద్ద సెన్సర్ వస్తోంది. పైగా ఫోన్ ఒక్క క్లిక్‌కి నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి నాయిస్ తగ్గిస్తుంది. ఈ చిన్న కెమెరాలు ఆ పని అంత బాగా చేయలేవు. "ఆ పాతకాలం లుక్ బాగుంటుంది అన్నయ్యా" అంది చెల్లి. ఆ లుక్‌లో ఎక్కువ భాగం కెమెరా మీదున్న ఫ్లాష్ వల్ల వచ్చేది. అదే కావాలంటే ఇంట్లో బీరువాలో పడున్న పాత డిజిటల్ కెమెరా బయటకి తీసి ఛార్జ్ చేయండి, కొత్తది అక్కర్లేదు.

అసలు కాంపాక్ట్ పోటీ పడాల్సింది డీఎస్ఎల్ఆర్‌తో కాదు, మీ జేబులో ఉన్న ఫోన్‌తో. 1 ఇంచ్ సెన్సర్ కూడా ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేసింది. 2022లో షావోమీ 12ఎస్ అల్ట్రాలో వచ్చింది, తర్వాత మన దగ్గర అమ్మిన 14 అల్ట్రాలో కూడా ఉంది. అవి లక్ష దగ్గర్లో ఉండే ఫోన్లు, నిజమే. కానీ కాంపాక్ట్ కొనేముందు "నా ఫోన్ చేయలేనిది ఇదేం చేస్తుంది?" అని అడగాల్సిందే. అందుకు నాకు కనిపించే సమాధానాలు మూడు: ఆప్టికల్ జూమ్, నిజమైన ఫ్లాష్, మధ్యలో కాల్స్, నోటిఫికేషన్లు లేకుండా ఫొటో మీదే దృష్టి పెట్టడం. ఈ మూడూ మీకు ముఖ్యం కాకపోతే ఫోన్ చాలు.

కాంపాక్ట్ గెలిచిన రోజు

నేను డీఎస్ఎల్ఆర్ పక్షం అని అర్థమైపోయే ఉంటుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఫ్రెండ్స్ అందరం వైజాగ్ నుంచి అరకు రైల్లో వెళ్లాం. మా రూమ్మేట్ చొక్కా జేబులో ఆర్ఎక్స్100 మార్క్ 3 ఉంది. నా కెమెరా బ్యాగులో, బ్యాగు పైన బెర్తు మీద. సొరంగం దాటి లోయ కనిపించిన ప్రతిసారీ వాడు తీస్తూనే ఉన్నాడు. నేను బ్యాగు దించి, జిప్ తీసి, క్యాప్ తీసేలోపు ఇంకో సొరంగం వచ్చేసేది.

బొర్రా గుహల్లో ఇంకా ఘోరం. నా 35ఎంఎంలో గుహ సగం కూడా పట్టలేదు, అంత వెడల్పు లేదు దానికి. వాడు 24ఎంఎం దగ్గర ఎఫ్/1.8లో, స్టెబిలైజేషన్ సాయంతో స్లో షట్టర్ పెట్టి హాయిగా తీసుకున్నాడు. రాళ్లు కదలవు కదా, మా తాతయ్యలా నవ్వవు కదా! కదలని వాటికి స్లో షట్టర్ సరిపోతుంది. ఆ ట్రిప్ ఆల్బమ్‌లో బాగున్న ఫొటోల్లో ముప్పావు వంతు వాడివే.

అంటే ప్రయాణాలు, ఊళ్లు, కొండలు, గుళ్లు మీ సబ్జెక్ట్ అయితే 1 ఇంచ్ కాంపాక్ట్ మంచి ఛాయిస్. తక్కువ వెలుతురులో కదిలే మనుషులు మీ సబ్జెక్ట్ అయితే డీఎస్ఎల్ఆర్, ప్రైమ్. వీడియో ఎక్కువ తీసేవాళ్లు మాత్రం డీ5300 లాంటి పాత బాడీల జోలికి పోకండి. లైవ్ వ్యూలో వాటి ఆటోఫోకస్ వెతుక్కుంటూ తిరుగుతుంది.

"మిర్రర్‌లెస్ ఎందుకు వద్దు?" అని కామెంట్ పెట్టేవాళ్ల కోసం: సోనీ ఏ6000 లాంటి పాత బాడీలు ఈ బడ్జెట్‌లో దొరుకుతాయి. కానీ ఆటోఫోకస్ ఉన్న సోనీ 35ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కలిపితే బడ్జెట్ దాటిపోతుంది. మళ్లీ కథ లెన్స్ దగ్గరికే వచ్చింది చూశారా.

చచ్చిపోయిన టెక్నాలజీ మీద డబ్బులా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నికాన్ డీ6, డీ780, కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3 అన్నీ 2020లో వచ్చినవి. ఆ తర్వాత ఈ రెండు కంపెనీలూ కొత్త డీఎస్ఎల్ఆర్ వైపు చూడలేదు. కానీ మనలాంటి తక్కువ బడ్జెట్ వాళ్లకి అదే లాభం. అందరూ మిర్రర్‌లెస్‌కి వెళ్తూ పాత సామాను అమ్మేస్తున్నారు. మరోవైపు ఇన్‌స్టా ట్రెండ్ పుణ్యమా అని పేరున్న కాంపాక్టులు పాతబడుతున్నా రేటు దిగట్లేదు. నేను చూసిన లిస్టింగుల్లో డీ5300 బాడీ 18 వేలు, 35ఎంఎం లెన్స్ 8 వేల చుట్టూ ఉన్నాయి. అంటే 26 వేలు. ఆర్ఎక్స్100 మార్క్ 3 ఒక్కటే 30 వేలు అడుగుతున్నారు.

పైగా లెన్స్ మీద పెట్టింది వృథా పోదు. రేపు నికాన్ జెడ్ సిరీస్‌కి మారినా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఈ 35ఎంఎం ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. కెనాన్ ఈఎఫ్ లెన్సులకీ ఆర్ఎఫ్ అడాప్టర్ ఉంది. కాంపాక్ట్‌లో అలా కుదరదు. ముందుకీ వెనక్కీ కదిలే ఆ జూమ్ మోటార్ ఆగిపోతే చాలాసార్లు రిపేరు ఖర్చు గిట్టదు, కెమెరా మొత్తం మూలన పడుతుంది.

కొనేముందు ఇవి చూడండి

డీఎస్ఎల్ఆర్ అయితే, నికాన్‌లో ఒక జేపెగ్ ఫొటో తీసి దాని ఎగ్జిఫ్ డేటాలో షట్టర్ కౌంట్ చూడండి. డీ5300 షట్టర్‌ని లక్ష క్లిక్‌ల వరకు టెస్ట్ చేశారు. 30, 40 వేల లోపు ఉంటే బేఫికర్. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. లెన్స్‌ని ఫోన్ టార్చ్‌తో వెనక నుంచి చూడండి, సాలెగూడులా దారాలు కనిపిస్తే అది ఫంగస్. కాకినాడ, వైజాగ్ లాంటి తేమ ఎక్కువ ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన లెన్సుల్లో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. చవగ్గా వస్తోంది కదా అని 50ఎంఎం ఎఫ్/1.8డీ కొంటే వాటి మీద ఆటోఫోకస్ పనిచేయదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. డీ7000 సిరీస్‌కి ఈ గొడవ లేదు.

కాంపాక్ట్ అయితే జూమ్‌ని పదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి చప్పుడు వినండి. గరగరమంటే వదిలేయండి.

చివరికి చెల్లికి ఏం చెప్పాను?

ఏం తీస్తావు అని అడిగాను. కాలేజీ ఫెస్ట్‌లో ఫ్రెండ్స్ డ్యాన్సులు, హాస్టల్ రూములో కబుర్లు, ఇంటికెళ్తే అమ్మమ్మ అంది. మూడూ కదిలే మనుషులే, మూడూ తక్కువ వెలుతురులోనే. నా ఓటు డీఎస్ఎల్ఆర్ బాడీ, 35ఎంఎం ప్రైమ్‌కి పడింది. కిట్ లెన్స్ కలిపి ఇస్తే తీసుకో, కానీ దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వకు అన్నాను.

కానీ ఒక్కటి మాత్రం లెక్కతో తేలదు. బాడీ, లెన్స్ కలిపి 730 గ్రాములు. అది తను రోజూ మోస్తుందా? అందుకే ఏదీ కొనకుండా ముందు నా కెమెరానే వారం రోజులకి ఇచ్చి పంపాను. "దీన్ని బ్యాగులోంచి ఎన్నిసార్లు బయటకి తీశావో రాసుకో. అయిదుసార్లయినా తీయకపోతే ఇంకో రెండు నెలలు దాచుకుని 1 ఇంచ్ కాంపాక్ట్ కొనుక్కో, నేనేమీ అనుకోను" అన్నాను.

నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని పగలబడి నవ్వుతున్న ముగ్గురు అమ్మాయిల ఫొటో. కింద: "అన్నయ్యా, ఇంకో వారం ఉంచుకోనా?"