తీర్థం బొమ్మకి కత్తి పెట్టండి

శివరాత్రికి సామర్లకోట తీర్థంలో సంచుల్లో కట్టి అమ్మే ప్లాస్టిక్ జంతువుల్ని చూసే ఉంటారు. సింహానికీ కుక్కకీ ఒకటే మొహం. డైనోసార్ అని కొన్నది ఇంటికొచ్చాక చూస్తే బల్లికి ఎక్కువ, మొసలికి తక్కువ. పిల్లలు రెండ్రోజులాడి మంచం కిందకి తోసేస్తారు. నాకు అవే కావాలి. బల్ల మీద పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి సైన్యాల్ని నడిపే ఆట నాది. కాకినాడలో నా బల్ల మీదున్న రాక్షసులంతా ఈ తీర్థం సరుకే.

హైదరాబాద్, బెంగళూరుల్లో ఇదే ఆట ఆడే కుర్రాళ్లు వేలు పోసి విదేశీ బొమ్మల పెట్టెలు తెప్పించుకుంటారు. లేదా త్రీడీ ప్రింటర్లో అవే దింపుకుంటారు. డబ్బు వాళ్లది, కాదనను. నా గొడవల్లా ఒకటే. ఆ బొమ్మ పేరూ, ఊరూ, ఆయుధమూ ఎవరో ముందే రాసి పంపారు. మనకి మిగిలింది రంగులెయ్యడమే.

ఈ ఆటలకి దగ్గరి చుట్టం, పేరుమోసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వచ్చింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకడు గ్యారీ గైగాక్స్. రాక్షసుల బొమ్మలు దొరక్క ఆయన చవక కొట్లో హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మలు కొనుక్కొచ్చాడు. అవేం జంతువులో చేసినవాడికైనా తెలుసో లేదో! వాటికి గైగాక్స్ పేర్లు పెట్టాడు, గుణాలిచ్చాడు. గుడ్లగూబ తల ఎలుగుబంటి, ఇనుముని తుప్పుపట్టించి తినే పురుగు అలా పుట్టినవే. ఇప్పుడు కంపెనీలు వాటినే అచ్చుపోసి మనకి అమ్ముతున్నాయి.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’ చదివినవాళ్లకి, విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్లకి రాక్షసులు కరువా?

ఇక బొమ్మల్ని కోసి అతికే పని సంగతి చెప్తాను. ముందు బొమ్మని గిన్నెల సబ్బుతో తోమాలి. జిడ్డు పోకపోతే రంగు నిలవదు. మెత్తటి ప్లాస్టిక్‌కి ఫెవిక్విక్ సరిగ్గా అంటదు. మొసలి తల గుర్రం మెడకి పెట్టాలంటే రెండిటికీ కాల్చిన సూదితో బెజ్జం చేసి, ఇనపతీగ గుచ్చి, సందుని ఎంసీల్‌తో పూడ్చాలి. తడివేలితో నొక్కుతుంటే మెడకండలు తేలతాయి. గట్టిపడేలోపు అగ్గిపుల్లతో పొలుసులు గీసెయ్యాలి. ఈటెకి చీపురుపుల్ల, జూలుకి కొబ్బరిపీచు, పీఠానికి పాత క్యారమ్స్ కాయిన్. పీఠం మీద చల్లేది ఉప్పాడ సముద్రతీరం ఇసకైతే ఉప్పు పోయేదాకా కడగాలి. నిజం చేపపొలుసులు అంటిస్తే బాగుంటుందని ఎవరైనా చెబితే వాళ్లింట్లో పిల్లి లేదనుకోండి.

కత్తిపని పెద్దవాళ్లే చెయ్యాలి. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి కాబట్టి, అది లేని బొమ్మ పసిపిల్లల చేతికివ్వొద్దు.

పోటీలు పెట్టే క్లబ్బులకి ఒక మనవి. రంగుల పనితనానికి బహుమతులు ఎలాగూ ఇస్తారు, కోసి అతికిన బొమ్మకి కూడా ఒకటి ఇవ్వండి.

యుద్ధం కోసమూ దూరం పోనక్కర్లేదు. గొల్లప్రోలు దగ్గర చెందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతిరాజు కలిసి ఫ్రెంచి దొర కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించారు. ఆకుపచ్చ ప్లాస్టిక్ సోల్జర్ల హెల్మెట్లు చెక్కేసి ఎంసీల్ తలపాగాలు చుట్టాను, విజయనగరం దళం తయారైంది. కాన్‌ఫ్లాన్స్‌కేమో మొసలితల గుర్రాలిచ్చాను. చరిత్ర మాస్టార్లు నొచ్చుకున్నా సరే, పాచిక పడితే ఈసారి ఆయనే గెలుస్తాడు.