నల్లరేగడి, లావా రాయి

దక్కను నల్లరేగడి లావా రాతినుండి పుట్టిందని బడిపుస్తకాలలో చదివిన మన పిల్లలు, కోవిల్‌పట్టి, విరుదునగరం కరిసల్ నేల కూడా అలాగే పుట్టిందనుకుంటారు. వాళ్ళ తప్పేముంది? రంగు ఒకటే, ఎండకు పడే బీటలొకటే, పండే పత్తీ ఒకటే. కాని మన నేలకింద ఉన్నది లావా కాదు. నైసు, చార్నకైటు అనే అతి ప్రాచీన శిలలు; 50 కోట్ల ఏళ్ళకు పైబడినవి. వాన తక్కువైన ఈ సీమలో అవే యుగాల తరబడి చివికి ఈ బంకమట్టి అయినవి.

అసలు లావా రాయి చూడదలచినవారు తెలుగునాట రాజమహేంద్రవరం దగ్గర కాతేరుకో, గోదావరికి ఆవల పంగిడికో వెళ్ళాలి. అక్కడి క్వారీలలో నల్లని బసాల్టు దొరుకుతుంది.

అది ఎలా కరిగింది? భూమి లోపలంతా కరిగిన రాయేనని చాలామంది అభిప్రాయం. కాదు. పైపెంకు కింద 2,900 కిలోమీటర్ల లోతువరకు ఉన్న మాంటిల్, కణకణలాడుతున్నా, దాదాపు అంతా గట్టి రాయే. పైబరువు దాన్ని కరగనివ్వదు. కుక్కరులో నీరు నూరు డిగ్రీలు దాటినా ఒత్తిడివల్ల అణిగి ఉంటుంది గదా. ఆవిరి వదిలితే, మంట పెంచకుండానే తెర్లుతుంది. మాంటిల్ రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినప్పుడూ అంతే. కొంత కరిగి మాగ్మా అవుతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం మన భూఫలకం, నేడు రీయూనియన్ ద్వీపమున్న చోటు మీదుగా పోతుండగా, అడుగునుంచి లేచిన వేడి రాయి ఇలా కరిగి పొంగిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మతం. ఆ పొంగే గోదావరి దాకా పారింది. అరేబియా సముద్రం అడుగున, ఫలకాలు విడిపోయే కార్ల్స్‌బర్గు శ్రేణి కింద నేటికీ జరుగుతున్నది కూడా ఒత్తిడి తగ్గడమే.

అండమానులోని బారెన్ ద్వీపం కథ వేరు. అక్కడ మన ఫలకం తూర్పు ఫలకం కిందికి దిగుతూ, సముద్రపు నీటిని ఖనిజాలలో ఇముడ్చుకొని పోతుంది. లోతులో ఆ నీరు వెలువడి పైనున్న మాంటిల్‌లో చేరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. నిప్పునార్పే నీరే రాతిని కరిగించడం చిత్రం కాదూ! కోవిల్‌పట్టిలో కడలమిఠాయి చేసేవారి నడగండి: ఉత్త బెల్లం పొయ్యిమీద పెడితే మాడుతుంది, కాస్త నీరు చేరిస్తే సులువుగా పాకమవుతుంది. పోలిక అచ్చంగా సరిపోదు గాని, దారి తెలుస్తుంది.

ఇలాంటి మాగ్మాలో ఆవిరి ఎక్కువ, చిక్కబడితే పేలుతుంది. ఇదే వరుసలో దక్షిణంగా ఉన్న క్రకటోవా 1883లో పేలినది ఇందుకే. బారెన్ మాత్రం చాలాకాలం నిద్రించి 1991లో మేల్కొన్నది. మన దేశంలో సజీవమైన అగ్నిపర్వతం అదొక్కటే.

దక్కను లావా పలుచనిది, అంచేత పేలక పారింది. పుష్కరాలకు గోదావరి వెళ్ళేవారు కాతేరు వైపు ఒక పూట చూడవచ్చు. రెండు లావా పొరల నడుమ సున్నపురాయి ఉన్నది, అందులో సముద్రపు గుల్లలు ఉన్నవి. ఒక పొంగుకూ మరొక పొంగుకూ మధ్య సముద్రం అక్కడిదాకా వచ్చి పోయిందన్నమాట.